గులకరాళ్ల మోత

“ఏంది బ్రహ్మం, మళ్లా అదే మోతేనా?” జెట్ బోటులోంచి ఒడ్డుకు దూకుతూనే శేషాద్రి కసిరాడు.

రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు బోటు వెనక పంపు గలగలమంటోంది. ఇంజను గొంతు చించుకోవడమే గానీ బోటు మాత్రం కదల్లేక కదులుతోంది. ఇందాక థర్మాకోల్ తెప్ప మీద వల లాగుతున్న దొంగ దీన్ని చూసి కంగారు కూడా పడలేదు. తీరిగ్గా వల చుట్టుకుని, తెడ్డు వేసుకుంటూ తుంగలోకి వెళ్లిపోయాడు.

“తెడ్డేసేవాణ్ని పట్టుకోలేని జెట్ బోటు! ఊరంతా నవ్వుతాండారయ్యా.”

“పాత పంపు గదన్నా. నాచు లాగుతాంటాది,” అన్నాడు బ్రహ్మం తల ఎత్తకుండా.

శేషాద్రికి ఒళ్లు మండింది. బోరు మోటార్లకు వైండింగ్ చుట్టుకునేవాడి చేతికి బోటు ఇవ్వడం తన బుద్ధి తక్కువ. తనతో కలిపి గిద్దలూరు వ్యాపారులు నలుగురు ఈ చెరువులో చేపల హక్కు వేలంలో పాడుకున్నారు. అజమాయిషీ శేషాద్రిది. చెరువు నిండా మునిగిన తుమ్మ మోడులే, మామూలు బోటు ఫ్యాను తగిలితే విరిగిపోతుంది. అందుకే అడుగు నుంచి నీళ్లు పీల్చి వెనక్కి చిమ్ముకుంటూ పోయే ఈ జెట్ బోటును సెకండ్ హ్యాండులో తెప్పించాడు. తెప్పించి ఏం లాభం? రోజూ తెల్లవారేసరికి చేపలు మాయం.

‘మేనేజరుకు తెలియకుండా పోతాయా?’ అని భాగస్థులు గుసగుసలు మొదలుపెట్టారు. ఆదివారం మీటింగులో తనను తప్పిస్తారని వాళ్లలో ఒకడైన వేణుగోపాల్ చెవిన వేశాడు. ముప్పై ఏళ్లు ఎరువుల దుకాణం నడిపి ఒక్క మాట పడని మనిషి, ఇప్పుడు చేపల దొంగ అనిపించుకోవాలా! శేషాద్రికి అన్నం సహించడం లేదు.

“నువ్వు ఉండేది ఈ ఒడ్డునే గదా. వాడెవడో ఒక్కనాడన్నా చూసినావా?”

“మంచులో మొహాలేం కనపడతాయన్నా.”

“ఎనిమిదింటికి లేచేవాడికి మంచేంది, దొంగేంది, ఏదీ కనపడదు. మా కొడుకు ఉదయ్ కిరణ్‌ను చూసి నేర్చుకో. నాలుగింటికే లేచి మార్కాపురం దుకాణానికి పోతాడు.”

“పోతాడులే అన్నా,” అని బ్రహ్మం స్పానర్లు సర్దుకోసాగాడు.

ఇక వీడితో కాదని శేషాద్రి ఆ మోతను ఫోన్‌లో రికార్డు చేసి, బోటు అమ్మిన చెన్నై వాళ్లకు పంపాడు. పావుగంటలో జవాబు వచ్చింది. దాన్ని కావిటేషన్ అంటారట. పంపుకు సరిపడా నీళ్లు అందక, తిరిగే రెక్కల దగ్గర బుడగలు పుట్టి పగులుతుంటాయి. ఆ దెబ్బకు రెక్కల అంచులు అరిగిపోతాయి, తోపుడు పోతుంది. స్టీలు రెక్కల చక్రం, దాని చుట్టూ బిగుతుగా కూర్చునే కొత్త రింగు వేయమన్నారు.

రెండూ పార్సిల్లో వచ్చాయి. పాత చక్రం విప్పితే అంచులు ఎలుకలు కొరికినట్టున్నాయి.

“చూసినావా? మూడు నెలలుగా దీన్ని ముందర పెట్టుకొని నాచు, నాచు అంటివి! చదువు లేకపోతే పోయె, కళ్లన్నా ఉండాల గదా.”

బ్రహ్మం పాత చక్రం పక్కన పెట్టి పని మొదలుపెట్టాడు. శుక్రవారం సాయంత్రానికి కొత్త సామాను బిగించాడు. నడిపి చూస్తే మోత తగ్గింది గానీ పోలేదు.

శేషాద్రి బోటును ఒడ్డుకు లాగించి, పంచె ఎగ్గట్టి తనే దాని కిందికి దూరాడు. నీళ్లు పీల్చే నోటికి అడ్డంగా సన్నకన్నాల మెష్, అదీ రెండు మడతలు, తీగతో బిగించి ఉంది.

“ఇదేంది?”

“నాచు దూరకుండా నేనే కట్టినా.”

“బోరు గొట్టానికి కట్టేది తెచ్చి దీనికి కట్టినావా! నోరు మూసేసి నీళ్లు తాగమంటే ఎట్ల తాగుతాది? నీకు జీతమిచ్చే నన్ననాల.”

“తీయొద్దన్నా.” బ్రహ్మం గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు. “ఈ నెలకు ఉండనియ్. ఆ తెప్ప మళ్లా రాకుండా నేను చూసుకుంటా. నా మాట విను.”

“నువ్వా? నువ్వు చూసుకునేది!” శేషాద్రి పకపకా నవ్వి, చెయ్యి విదిలించుకుని, కటింగ్ ప్లయర్‌తో తీగలు తెంచేశాడు. దూరం దూరంగా కడ్డీలున్న అసలు జాలీ ఒక్కటే మిగిలింది.

శనివారం తెల్లవారుతుండగా తుంగ వెనక తెప్ప కనపడింది. శేషాద్రి భాగస్థుల వాట్సాప్ గ్రూపుకు వీడియో కాల్ కలిపాడు. ముగ్గురూ నిద్రమొహాలతో తెర మీదికి వచ్చారు.

“చూడండి, మేనేజరు దొంగో, దొంగను పట్టేవాడో! ఊ, పోనియ్ బ్రహ్మం!”

గలగల లేదు. ఒక్కటే హోరు. బోటు ముక్కు పైకెత్తి నీటిని చీల్చుకుంటూ ఉరికింది. శేషాద్రి ఛాతీ పొంగింది.

“ఫోన్ లోపల పెట్టన్నా, నీళ్లు పడతాయి,” అంటూ బ్రహ్మం వేగం తగ్గించబోయాడు.

“పడనియ్!” శేషాద్రి వాడి చేతి మీద ఒక్కటిచ్చి, తనే వేగం పెంచాడు. చేతగానివాడికి భయమొకటి అనుకున్నాడు.

తెడ్డు నాలుగు సార్లు పడేలోగా బోటు తెప్పను చుట్టేసింది. అల తగిలి తెప్ప బోర్లా పడింది. మొహానికి తువ్వాలు చుట్టుకున్న మనిషి నడుం లోతు నీళ్లలో లేచి నిలబడ్డాడు. బ్రహ్మం ఇంజను ఆపి, అటు చూడకుండా తల తిప్పుకున్నాడు.

శేషాద్రి ఫోన్‌ను వాడి మొహానికి జానెడు దూరంలో పెట్టి, రెండో చేత్తో తువ్వాలు లాగేశాడు.

“నేనే నాయనా, వీడియో ఆపు.”