పోత నంబరు

"ఇంజను మీద ఏ నంబరూ మార్చలేదనీ, అతికించలేదనీ ఇక్కడ సంతకం పెట్టండి," అంటూ పాత కార్ల క్లబ్బు నుంచి వచ్చిన పరీక్షకురాలు కాగితం చాపింది. "అబద్ధమని తేలితే మాత్రం ఈ బండికి మా గుర్తింపు ఇంక ఎప్పటికీ రాదు. ఇంజను ఎలాంటిదైనా సరే."

బావ పెన్ను అందుకుని బావమరిది వంక చూశాడు. బావమరిది షెడ్డు కప్పు వంక చూశాడు.

"పెట్టండి, పెట్టండి. నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు మీరు," అంది గుమ్మంలో నిలబడ్డ బావ భార్య. బావమరిదికి ఆవిడ సొంత అక్క. చేతిలో కొలతల టేపు ఉంది. పదేళ్ళుగా అంగుళం కదలని ఆ కారు చోట తన నాలుగు కుట్టుమిషన్లూ ఎటు తిప్పి వెయ్యాలో పొద్దున్నే కొలిచేసుకుంది. మొగుడూ పెళ్ళాల మధ్య ఒప్పందం తేటతెల్లం. కారు తయారైనప్పటి ఇంజనే అందులో ఉందని క్లబ్బు గుర్తింపు ఇస్తే కారు ఉంటుంది. ఇవ్వకపోతే సాయంత్రానికల్లా పాత ఇనుము కొట్టుకు పోతుంది.

బావ సంతకం పెట్టాడు. ఆ వంకర్లు చూస్తే ఏ బ్యాంకువాళ్ళూ అది ఆయన సంతకమని ఒప్పుకోరు.

వంకర్లు పోదూ మరి! ఇంజను దిమ్మ పోత పోసినప్పుడే అచ్చులోంచి ఉబ్బెత్తుగా ఒక నంబరూ, పోసిన తేదీ వస్తాయి. లారీలు తప్ప ఇంకో బండి ముట్టుకోని బావమరిది మొన్న అలవాటు కొద్దీ ఇంజను పక్కభాగం కిరసనాయిలుతో కడిగి, తీగ బ్రష్షుతో తోమి చూశాడు. బోడిగుండులా నున్నగా ఉంది. "బావా, మీ నాన్నగారు అసలుది ఎవరికో ఇచ్చేసి ఏదో దిమ్మ తగిలించుకున్నారు," అని తేల్చేశాడు. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ తలుపు గడియ పెట్టుకుని, ఇనపరజను కలిపిన లప్పంతో అంకెలు చేసి అతికించి, పైన మసి పులిమారు. అక్కకి ఈ సంగతి తెలియదు.

పరీక్షకురాలు బానెట్ ఎత్తింది. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో పళ్ళ డాక్టరు వాడేలాంటి కాడ అద్దం.

"ఇదిగోండి మేడమ్, ఇక్కడ," అని బావమరిది పెళ్ళివారికి దారి చూపించినంత మర్యాదగా చెయ్యి చాపాడు.

"చూపించకండి. నేను వెతుక్కుంటాను."

ఆవిడ పక్కభాగం మీద వెలుగు వేసింది. వేలితో అంకెల్ని తడిమింది.

"ఇది తుడిచిందెవరు?"

"నేనేనండి. ఏదో పైపైన."

"బాగా తుడిచారు."

ఆవిడ మొహంలో ఏ భావమూ లేదు. బావ వచ్చి బావమరిది చెవిలో అన్నాడు. "పట్టేసిందిరా."

"పట్టేస్తే అరుస్తుంది కదా బావా."

"అరిచే రకంలా లేదు. ఆ ఎనిమిదికి పొట్ట తగ్గించమంటే విన్నావా?"

"ముందు నీ పొట్ట తగ్గించుకో. తర్వాత అంకెలకి వంకలు పెడుదువు గాని."

"ఏమిటా గుసగుసలు?" అంది అక్క.

"ఏం లేదక్కా, మేడమ్‌కి టీ పెట్టిస్తావేమోనని."

"కారు పోయాక పెడతాను. ఇక్కడే, చోటు ఖాళీ అయ్యాక, కుర్చీ వేసి మరీ."

ఈలోగా పరీక్షకురాలు గోనెసంచి పరుచుకుని కారు కిందికి దూరింది. బూట్లు తప్ప ఇంకేం కనబడలేదు. అయిదు నిమిషాల తర్వాత ముక్కు మీద గ్రీజుతో బయటికొచ్చి, తలుపు దగ్గరున్న రేకు మీద కారు తయారైన తేదీ చూసి, తన పుస్తకంలో రాసుకున్నదాంతో పోల్చుకుంది. బావ కళ్ళు మూసుకున్నాడు.

"కారు తయారవడానికి సరిగ్గా మూడు వారాల ముందు పోసిన దిమ్మ. మోడలు నంబరు సరిపోయింది. సందేహం లేదండీ, ఇది అసలు ఇంజనే."

బావ వెళ్ళి కారు ముందు చక్రాన్ని కావలించుకున్నాడు. అక్క చేతిలోని టేపు టప్పున వెనక్కి చుట్టుకుంది. "ఈ ఇంట్లో నాకన్నా ఆ డబ్బాకే విలువ," అని మొహం తిప్పుకుంది. బావమరిదైతే గాల్లో తేలిపోతున్నాడు. ఇన్నాళ్ళూ లారీల కింద పడుకుని జీవితం వృథా చేసుకున్నాననిపించింది. తన చేతిలో ఇంత పనితనం ఉందని తనకే తెలియదు! ఆ లప్పం డబ్బా ఇంకో రెండు కొనిపెట్టుకుంటే ఊళ్ళో పాత కార్లన్నిటికీ కొత్త పుట్టుక ఇవ్వొచ్చు.

"సర్టిఫికెట్ ఎప్పుడిస్తారండీ? గోడకి మేకు కొట్టించి ఉంచుతాను," అన్నాడు బావ, కళ్ళు తుడుచుకుంటూ.

పరీక్షకురాలు ఇంజను పక్కభాగం దగ్గరికి వెళ్ళి గోటితో ఒక్క గీకు గీకింది. మొదటి అంకె పెచ్చులా ఊడొచ్చింది. దాన్ని తీసుకొచ్చి బావమరిది అరచేతిలో పెట్టింది.

"ఈ మోడలుకి ఫ్యాక్టరీవాళ్ళు నంబరు పక్కన పొయ్యరండీ, వెనకాల గేర్‌బాక్సు దగ్గర పోస్తారు, అక్కడ నిక్షేపంలా ఉంది," అంది ఆవిడ చేతులు తుడుచుకుంటూ. "దొంగ ఇంజనుకి దొంగ నంబరు పెట్టినవాళ్ళని చాలామందిని చూశాను గానీ, అసలు ఇంజనుకి దొంగ నంబరు పెట్టి బండి పోగొట్టుకున్నవాళ్ళని మిమ్మల్నే చూడ్డం."