ఐదో నంబరు కొంగ

చెరువు అవతలి ఇంటి మేడగదిలో పదకొండు బంగారు గొలుసు గడియారాలున్నాయని అతనికి ఖచ్చితంగా తెలుసు. తెలియనిదల్లా ఆ ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుందన్నదే.

అందుకే ఇవతలి గట్టున లాడ్జిలో గది తీసుకుని, మిద్దె మీద మూడు కాళ్ళ స్టాండుకి, దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే స్పాటింగ్ స్కోప్ బిగించాడు. సరిగ్గా ఎదురుగా ఆ ఇంటి పెరటి గోడ. గోడ మీద బూడిద రంగు కొంగలు.

"ఎవరైనా అడిగితే కొంగల ఫొటోలు తీస్తున్నామని చెప్పు. అవి ఈకలు ఎలా సవరించుకుంటాయో పరిశోధన చేస్తున్నామని చెప్పు" అని భార్యకు నేర్పాడు. లాడ్జి రిజిస్టరులో వృత్తి దగ్గర 'పక్షి శాస్త్రవేత్త' అని రాశాడు. పక్కన ఒక గడి ఊరికే ఖాళీగా కనిపిస్తే అందులో 'డాక్టర్' అని కూడా చేర్చాడు. ఖాళీ గడి కనిపిస్తే అతని చెయ్యి ఊరుకోదు.

"బావా, ఇంకోసారి దొరికితే ఏడేళ్ళని జడ్జిగారు నీ మొహం మీదే చెప్పారు" అంది భార్య. మేనమామ కూతురు కాబట్టి పెళ్ళయ్యాక కూడా ఆమెకు అతను బావే.

"దొరికితే కదే! ఇదే ఆఖరిది. నీ మీదొట్టు."

"పోయినసారీ నా మీదే వేశావు. ఇంకా బతికే ఉన్నానంటే నాది గట్టి ప్రాణం."

అతను స్కోప్‌ని ఎప్పుడూ మేడ కిటికీ మీదే నిలిపేవాడు. అతను కునుకు తీసినప్పుడల్లా ఆమె దాన్ని కొంగల మీదికి దించి, ఫోను తగిలించి ఫొటోలు తీసేది. మొదట నటనకే తీసింది. రెండు రోజులకి అన్నం చల్లారిపోతున్నా లేవడం మానేసింది.

"చూడు బావా, దాని నడివేలి గోరు అచ్చం దువ్వెనే! దాంతో మెడ గోక్కుంటోంది. ఇంకోటి ఛాతీ మీది ఈకలు ముక్కుతో నలిపి, ఆ పొడి ఒళ్ళంతా పౌడరులా రాసుకుంటోంది. పెళ్ళికి వెళ్ళేటప్పుడు మీ అక్క కూడా ఇంతసేపు ముస్తాబవదు."

"మా అక్క జోలికి రాకు. ఆ కిటికీ ఎన్నింటికి మూశారో చెప్పు."

ఆమె ఒక నోటుబుక్కులో గడులు గీసి, కొంగలకి నంబర్లు వేసి, ఏది ఎన్ని నిమిషాలు ఈకలు సవరించుకుందో రాసిపెట్టేది. ఒక సాయంత్రం అతను అది తిరగేశాడు.

"ఇదేంటే, నాలుగు కొంగలకి రాసి ఐదోదాన్ని వదిలేశావు? అనుమానం ఇలాంటి చోటే పుడుతుంది."

పెన్ను లాక్కుని వరసగా నింపేశాడు. ఉదయం ఇరవై నిమిషాలు, ఎడమ రెక్క. సాయంత్రం పాతిక, తోక.

ఆమె లెన్సు తుడుచుకుంటూ కూర్చుంది.

ఏడో రోజు ఆమె కూరగాయల కొట్లో ఆ ఇంటావిడతో మాట కలిపి, కొంగల్ని చూద్దురుగాని రమ్మని వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. "భలేదానివే!" అని అతను భార్య చెవిలో మురిసిపోయాడు.

ఆమె నోటుబుక్కు అందించింది. టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు ప్రతి పేజీ చదివారు.

"ఐదో నంబరంటే ఎడమ చివర, పూలకుండీ పక్కన నిలబడేదేనా?"

"అదేనండీ. మహా సోకులరాయుడు! ఏ రోజూ ఇరవై నిమిషాలకి తగ్గడు. నా కళ్ళతో చూస్తున్నాను కదా!" అన్నాడతను.

"అలాగా! అయితే రేపు పొద్దున మా ఇంటికే రండి. దగ్గర్నుంచి ఫొటోలు తీసుకుందురుగాని."

అతని కాళ్ళు నేల మీద నిలవలేదు. తాళం తీసే పని లేకుండా ఇంటావిడే లోపలికి పిలవడం అతని వృత్తిలో ఇదే మొదటిసారి.

మర్నాడు హాల్లో ఒక భారీ మనిషి కాఫీ తాగుతూ కూర్చున్నాడు.

"మా తమ్ముడు. పోలీసు ఇన్‌స్పెక్టరు" అన్నారు టీచరమ్మ. పెరట్లోకి వెళ్ళి, ఒక కొంగని చంకలో పెట్టుకొచ్చి బల్ల మీద నిలబెట్టారు. దాని కాళ్ళు ఇనప చువ్వలు.

"మీ ఐదో నంబరు. నా చేపల తొట్టికి కాపలాకని కొన్నాను. ఒక కొంగ ఉన్నచోటికి ఇంకోటి రాదన్నాడు కొట్టువాడు. నాలుగొచ్చాయి! ఆ గొట్టంలోంచి ఒక్కసారి చూసినా ఇది ప్లాస్టిక్కని తెలిసేది. మరి ఇన్నాళ్ళూ మీరు దేన్ని చూస్తున్నారు బాబూ?"

అతను గుమ్మం వైపు చూశాడు.

"ఏదీ పోలేదు కాబట్టి కేసు లేదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు కప్పు కింద పెడుతూ. "కానీ లాడ్జి రిజిస్టరు పట్టుకుని నీ పాత కేసులు తిరగేశాను, నీ ఫొటో నా దగ్గరుంటుంది. ఇకమీద ఎక్కడ గడియారం పోయినా ముందు నీ గుమ్మంలోకే వస్తాను. పది గంటల బస్సుంది, ఎక్కెయ్."

బస్సు ఊరు దాటగానే అతను భార్య మీద విరుచుకుపడ్డాడు.

"వారం రోజులు కళ్ళప్పగించి చూశావు కదే! అది బొమ్మని నీకు ఒక్కసారైనా కనిపించలేదా?"

ఆమె ఫోనులో కొంగల ఫొటోలు చూసుకుంటోంది. తలెత్తలేదు.

"మొదటి రోజే కనిపించింది బావా. అందుకేగా ఆ గడి నీకోసం ఖాళీగా ఉంచాను."