వంటింట్లకెల్లి ఇనవడేటంత

“పాటలన్ని పీకెయ్యి తమ్మీ. నాకు మాటలే కావాలె” అన్నడు భూమన్న, పెండ్లి క్యాసెట్టు బల్ల మీద కొట్టినట్టు పెట్టి.

పెండ్లి వీడియోలు తీసే అంబదాస్ కంప్యూటరు మీదికెల్లి తల ఎత్తలే. “పెండ్లి క్యాసెట్ల మాటలు ఎవలుంచుతరు కాకా? ఎవలో ఎవల్నో తిట్టింది ఇనవడ్తె పంచాయితులైతయి. అసలు చప్పుడు బంద్ చేసి పాటలేసుడే మా పని.”

“మా అన్న బిడ్డ పెండ్లి గది. నువ్వే తీస్తివి గదా. అండ్ల మా ఇంటామె అనసూర్య మాట్లాడింది. మొన్ననే ఆమె దినాలు చేసినం.”

అంబదాస్ చెయ్యి ఆగింది. పెండ్లి తీసిన క్యాసెట్ల మీద అప్పుడే ఇంకో పెండ్లి ఎక్కింది. కంప్యూటర్ల మాత్రం అసలు మాటలు ఇంకా ఉన్నయి. సాయంత్రం సుల్తానాబాద్ పెండ్లి ఎక్కియ్యాలంటె వాటిని తుడిచెయ్యాలె.

“కూసో కాకా. రేపొస్తె అవి దొరకకపోతుండె.”

బంతి సాగుతున్న కాడ దొరికింది అనసూర్య. ఇస్తరాకుల గలగల, పోరగాండ్ల లొల్లి, బకెట్ల మోత. అన్నిటి నడుమ ఆమె గొంతు: “పొద్దటికెల్లి ఏం తినకుంట తిరుగవడ్తివి. రా, బువ్వ సల్లారుతుంది.”

భూమన్న కుర్చీ అంచుకు జరిగిండు. “ఎవల్నో పిలుస్తుంది. నేనైతె అప్పుడు పందిట్ల లేను. అయినా నన్నే అనుకుంట.”

అంబదాస్ బకెట్ల మోత తగ్గించి ఆమె మాట పెంచిండు. తెర మీద పచ్చ గీతలు లేసి లేసి ఎర్రగైనయి.

“ఇగో, మైకు పట్టుకొని మాట్లాడినట్టున్నది సూడు.”

“తగ్గించు.”

“తగ్గించుడా? అందరు పెంచుమని నా పానం తీస్తరు, నువ్వేందే కాకా!”

“గింత పెద్దగ ఇనవడ్తె ముంగట్నె ఉన్నట్టుంటది తమ్మీ. ముంగటున్నదంటె కండ్లు దేవులాడ్తయి. బొగ్గుబాయి మీద షిఫ్టు దిగొచ్చి నేను గడపల కూసుంటె, ఆమె వంటింట్లకెల్లి మాట్లాడేది. గంతనే ఇనవడాలె.”

చప్పుళ్లన్నిటికి కలిపి తెర మీద ఒక్క మీట ఉంటది. మాస్టర్ అంటరు. అంబదాస్ దాన్ని పట్టి మెల్లగ కిందికి గుంజిండు. ఇస్తరాకులు, పోరగాండ్లు, బకెట్లు, అనసూర్య అందరు కలిసి దూరం జరిగిండ్రు.

“సాలా?”

“ఇంకా జర.”

“ఇంకా తగ్గిస్తె ఏం మిగల్ది కాకా.”

“నడుమ గోడ ఉన్నది మరి... ఆఁ, ఆగు! గిదే. గిది మా ఇల్లే.”

బొమ్మ వద్దన్నడు. ఉత్త చప్పుడే టేపురికార్డరు క్యాసెట్టుకు ఎక్కియ్యనీకె అర్ధగంట పట్టింది. భూమన్న దాన్ని కండువల సుట్టుకొని లేసిండు.

“నా పని సరే, నువ్వు బువ్వ తిన్నవా తమ్మీ?”

“తింట తియ్యి.”

“ఇగ తుడుసుకో” అని మెట్లు దిగిండు భూమన్న.

సాయంత్రం సుల్తానాబాద్ పెండ్లోళ్లు అర్ధగంట బెంచీ మీద కూసున్నరు. “ఇంకా ఖాళీ చేస్తనే ఉన్నవా, సంక్రాంతి సున్నాలేసినట్టు?” అని ఒకాయన కసురుకున్నడు.

“జర ఆగుండ్రి. ఐతుంది.”

దుకాణం బంద్ చేసి, హోటల్ల పార్సిల్ కట్టించుకొని, కిరాయింటి తాళం తీసిండు అంబదాస్. ఎప్పటి లెక్కనే లోపల ఏ అలికిడి లేదు. సాయంత్రం తుడిసే ముంగట తనకోసం ఎక్కించుకున్న ఇంకో టేపు క్యాసెట్టు అంగి జేబులకెల్లి తీసిండు. ఎన్నడు పొయ్యి ముట్టియ్యని వంటింట్ల టేపురికార్డరు పెట్టి, అండ్ల క్యాసెట్టు ఏసి, తలుపు దగ్గరికేసి, వచ్చి గడపల కూసున్నడు.

జర సేపటికి గోడ అవతలికెల్లి పిలుపొచ్చింది: “పొద్దటికెల్లి ఏం తినకుంట తిరుగవడ్తివి. రా, బువ్వ సల్లారుతుంది.”

“వస్తున్న అవ్వా” అన్నడు, ఆ పెండ్లి దినం కెమెరా భుజానేసుకొని ఉత్త కడుపుతోని ఆమె ముంగట నిలవడ్డ అంబదాస్.