లెక్కలో లేని కాన్పు

జనాభా లెక్కల కోసం మనుషులు ఇల్లిల్లూ తిరగడం మానేసి చాలా కాలమైంది. ఏ ఇంట్లో ఎవరు పుడతారో, ఎవరు ఊరు విడిచి వెళ్తారో అంచనా యంత్రమే ముందుగా చెప్పేది. బడులైనా ఆసుపత్రులైనా దాని మాట ప్రకారమే తెరిచేవారు, మూసేవారు.

కోరుట్లలో ఉండే విహారిక జనాభా అధ్యయనంలో పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసింది. వంటింటి గోడ మీది తెరలో ఇంటర్వ్యూ మొదలైనప్పుడు తల్లి సుగుణ పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"రెండేళ్లలో మీరు చదువు మానేస్తారని యంత్రం చెబుతోంది. మీకెందుకు ఇవ్వాలి?" అని అడిగాడు ప్రొఫెసర్ రంగనాథం.

"నా పరిశోధన అంచనా తప్పిన మనుషుల మీదే సార్," అంది విహారిక.

"అలాంటివాళ్లు ఎక్కడున్నారమ్మా?"

సుగుణ తలెత్తింది. "నేనున్న సారూ. ఈ ఊర్ల ఇగ కాన్పులుండయని మిషిన్ చెప్తే కాన్పుల దవాఖాన మూసిన్రు. ఆ ఏడే ఇది కడుపుల పడ్డది. నొప్పులతోని జగిత్యాల పోతుంటే బస్సులనే పుట్టింది."

ఆయన యంత్రాన్ని అడిగి చూశాడు. ఆ కాన్పును అది స్వల్ప తేడా అని నమోదు చేసుకుంది. అది చూసి ఒక్క ఏడాదికి ఫెలోషిప్ మంజూరు చేశాడు.

తెర ఆరిపోగానే విహారిక తల్లి ఎదుటికి జరిగి తన పరిశోధనలో మొదటి ప్రశ్న అడిగింది.

"ఆ రోజు భయమైందా అమ్మా?"

సుగుణ చేతిలోని కాయ పక్కన పెట్టింది.

"ఇన్నేండ్ల సంది ఈ మాట ఎవ్వలడగలే బిడ్డా," అని, చెప్పడం మొదలుపెట్టింది.