తండాకు వచ్చిన జీపు

మానుకోట దవాఖానలో ఆపరేషన్ బల్ల దాకా వచ్చిన తుల్సీరాం, విప్పిన చొక్కా మళ్లీ తొడుక్కున్నాడు.

"నాకొద్దు సార్. పెండ్లై ఐదేండ్లయినా పిల్లల్లేరు. అక్కడ కత్తి పెడితే ఇగ పుడతరా? ఎమర్జెన్సీల మా బాపుకు గట్లనే కోసిండ్రు."

"అది పిల్లలు పుట్టకుండ చేసేది," అన్నాడు డాక్టరు. "నీకు బీజం పైన నరాలు ఉబ్బినయి. వట్టి నొప్పికైతే బిగుతు లంగోటి చాలు. పిల్లలు కావాలంటే ఆ నరాలు కట్టెయ్యాలె. అయినా పుడతరని గ్యారంటీ ఇయ్యలేను."

తుల్సీరాం తలుపు వైపు నడిచాడు. అక్కడ అతని తండ్రి అమర్‌సింగ్ నిలబడి ఉన్నాడు.

"నువ్వెందుకు కోయించుకున్నవ్ పెద్దాయనా? ఆ ఆపరేషనుకు సర్కారోళ్లిచ్చే రేడియో కోసమా?" అడిగాడు డాక్టరు.

అప్పట్లో తండా అంతా రేడియో కోసమే అని నవ్వింది. తుల్సీరాం కూడా నవ్వాడు.

"ఆ ఆపరేషన్లకు మనుషుల్ని పట్టుకపోయే జీపు వీని కోసం వచ్చింది సాబ్. వీడు చేన్ల ఉన్నడు. కొత్తగ పెండ్లైనోడు, పిల్లలు పుట్టాలె గదా అని వీని బదులు నేనెక్కిన."



తుల్సీరాం చొక్కా విప్పి తండ్రి చేతికిచ్చి, వెళ్లి బల్ల మీద పడుకున్నాడు.