వానకు తడవని గొంతు

"పోయుండ్రి సార్, ఇంకో చెంబు పోయుండ్రి. దీనికేం కాదు," అన్నాడు స్పీకర్ల షాపు నుంచి వచ్చిన శ్రీకాంత్.

ప్రభాకర్ చెంబెడు నీళ్లు స్పీకర్ నెత్తిన గుమ్మరించాడు. పాట ఆగలేదు.

కోదాడలో సిమెంటు డీలర్ ప్రభాకర్ అంటే తెలియని మేస్త్రీ లేడు. ఇంటి ముందు కొత్తగా సిటౌట్ వేయించి, అక్కడ బిగించడానికి వానకు తడిసినా చెడని స్పీకర్లు వెతుకుతున్నాడు. పొద్దున్నుంచి ఏదీ నచ్చడం లేదు.

"దీంట్ల బేస్ బాగ కొడతది సార్."

"బేస్ నాకెందుకయ్యా? నాకు గొంతు కావాలె. మనిషి ముందల నిలవడి మాట్లాడినట్టుండాలె."

ఆ పట్టుదలకు కారణం ఉంది.

పోయిన ఏడాది వానలకు వాగు పొంగి కాలనీ మీద పడింది. తెల్లవారుజామున, కరెంటు లేని చీకట్లో, ఎవరో బండి మీద మైకు పెట్టుకుని గల్లీ గల్లీ తిరిగి అందరినీ లేపారు. ఆ కేకకు లేచే, కింది గదిలో పడుకున్న తల్లిని ప్రభాకర్ మేడ మీదికి ఎత్తుకెళ్లాడు. కాసేపటికి ఆమె మంచం నీళ్లలో తేలింది.

బండి మళ్లీ ఓ చుట్టు తిరిగి వచ్చినప్పుడు భార్య పుష్పలత కిటికీలోంచి ఫోన్‌లో వీడియో తీసింది. అందులో మనిషి కనిపించడు. మొదట కాసేపు గరగర, తర్వాత "లేవుండ్రి, వాగొచ్చింది" అన్న మాటలు, అంతే.

ఆ మైకు తిప్పించింది మీరేనా అని ప్రభాకర్ అడిగితే, వార్డు కౌన్సిలర్ లక్ష్మీనర్సయ్య నవ్వి తల వంచుకున్నాడు. అవునని చెప్పలేదు. కాదనీ చెప్పలేదు. ఓట్లు ఎట్లా వస్తాయో ఆయనకు తెలుసు.

ఆదివారం ఆయనకే సన్మానం. వీడియోలోని ఆ గొంతును కొత్త స్పీకర్లలో పదిమందికీ వినిపించాలని ప్రభాకర్ కోరిక.

"ఇప్పుడు వినుండ్రి సార్," అని శ్రీకాంత్ ఫోన్‌లో వార్తలు పెట్టాడు.

సరిగ్గా అప్పుడే గల్లీలోంచి ఓ ఆడగొంతు మైకులో మోగింది.

"ఉల్లిగడ్డలమ్మా, ఎల్లిగడ్డలమ్మా..."

ప్రభాకర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. విసవిసా గేటు దాటాడు.

ట్రాలీ ఆటో, దాని మీద తుప్పుపట్టిన మైకు. నడిపేది మఠంపల్లి దిక్కు తండా నుంచి వచ్చే హన్మా.

"బంద్ చెయ్యి."

హన్మా మీట నొక్కాడు. "ఉల్లి..." అంటూనే గొంతు టక్కున ఆగింది.

"ఈ లొల్లి వెట్టుకొని మా గల్లీలకు రావద్దని చెప్పిన్నా లేదా?"

"మైకు లేకుంటే నేనొచ్చినట్టు ఎట్ల ఎర్కయితది సారూ?" అన్నాడు హన్మా. గేటు లోపలికి ఓసారి చూసి, "పెద్దమ్మ మంచిగున్నదా?" అని అడిగాడు.

"మా అమ్మతోని నీకేం పనిరా?"

ఉల్లిగడ్డలమ్మేవాడు ఇంటివాళ్ల బాగోగులు అడగడం ప్రభాకర్‌కు పొగరుగా తోచింది. మైకు పట్టి గుంజాడు. తీగలు తెగి అది మోరీ నీళ్లలో పడింది.

హన్మా మోరీలోకి దిగి తీసుకున్నాడు. తువ్వాలతో తుడిచాడు. తీగలు కలిపి మీట నొక్కాడు. బుడబుడమంది, తర్వాత ఏమీ లేదు.

"పోయినేడు తడిసిన కాడినుంచి దగ్గుకుంటనే ఉండె. ఇయ్యాల పానం పోయింది," అన్నాడు మెల్లగా.

"పోతే ఇంకోటి కొనుక్కో."

"మైకు దొరుకుతది సారూ. దీంట్ల నా పెండ్లాం రుక్మిణి గొంతుండె. ఎండకాలంల జరమొచ్చి సచ్చిపోయింది. ఆమె గొంతు ఇంకేడ లేదు."

ప్రభాకర్‌కు లోపల ఎక్కడో చివుక్కుమంది. కానీ వెనక శ్రీకాంత్ చూస్తున్నాడు, ఎదురింటివాళ్లు చూస్తున్నారు.

"ఇంకెవరిదన్న గొంతు ఎక్కించుకో పో."

హన్మా మైకును తువ్వాలలో చుట్టి, సీటు మీద తన పక్కన కూర్చోబెట్టినట్టు పెట్టుకుని, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గల్లీకి రాలేదు.

"శానా ఎక్కువ చేసినవ్," అంది పుష్పలత.

"నువ్వు గొంతు సాఫ్‌గ వినబడుతుందా లేదా సూడు," అన్నాడు ప్రభాకర్. ఆ స్పీకర్లే ఖాయం చేశాడు.

ఆదివారం సన్నగా వాన పడింది. స్పీకర్లు తడుస్తున్నాయి, ఏమీ కాలేదు. చూశారా అన్నట్టు ప్రభాకర్ అందరి వైపూ చూశాడు. సిటౌట్‌లో తల్లిని ఒక కుర్చీలో, కౌన్సిలర్‌ను పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. కౌన్సిలర్ భుజాల మీద శాలువా కప్పాడు. చప్పట్లు కొట్టారు.

"మా అమ్మ ఇయ్యాల మీ ముందల కూసున్నదంటే ఈ గొంతు పుణ్యమే," అన్నాడు ప్రభాకర్. నిజంగానే అతని కళ్లు తడిశాయి. "ఈ గొంతుకు చేతులెత్తి మొక్కుతున్న. మీరు గూడ వినుండ్రి."

లక్ష్మీనర్సయ్య అలవాటుగా తల వంచుకున్నాడు.

ప్రభాకర్ వీడియో నొక్కాడు.

ఏడాదిగా ఫోన్‌లో గరగరగానే ఉండిపోయిన మొదటి ముక్క ఆ మంచి స్పీకర్లలో, మనిషి ముందర నిలబడి పిలిచినట్టే పలికింది: "ఉల్లిగడ్డలమ్మా, ఎల్లిగడ్డలమ్మా, ఉల్లి..." అని రుక్మిణి గొంతు, టక్కున మీట చప్పుడు, ఆ వెంటనే వానలో తడుస్తూ హన్మా, "అమ్మలారా, లేవుండ్రి, వాగొచ్చింది."