పాత నంబరు

“ఓటీపీ వచ్చిందా అమ్మా?” అడిగాడు ఫండ్ ఆఫీసు కౌంటర్లో ఉద్యోగి.

“రాలేదండీ,” అంది పార్లర్ ఆవిడ, ఫోన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

“పంపించానే! చివర నలభై ఏడు. ఈ నంబరు మీదేనా?”

ఆమెది కాదు. ఆ డబ్బు ఫండ్‌లో పెట్టించిన ఏజెంటుది.

భర్త పోయిన కొత్తలో, కంటికీ మంటికీ ఏకధారగా ఏడుస్తున్న రోజుల్లో, ఆయన స్నేహితుడైన ఆ ఏజెంటే అన్నీ చూసుకున్నాడు. “ఈ మెసేజ్‌ల గోల నీకెందుకు చెల్లెమ్మా, నా నంబరు ఇచ్చేద్దాం” అన్నాడు. ఎంత మంచివాడో అనుకుంది. తీరా చూస్తే, బీరువా తన ఇంట్లో పెట్టుకుని తాళంచెవి ఎదురింట్లో ఇచ్చినట్టయింది.

హాల్లో కుర్చీలో కూర్చుని అతనికి ఫోన్ చేసింది.

“అన్నయ్యగారూ, మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చుంటుంది. కాస్త చెప్పరూ?”

“ఇప్పుడు తీస్తావా? కొంప మునుగుతుంది చెల్లెమ్మా! మార్కెట్ బాగా పడి ఉంది. రెండు నెలలు ఆగు.”

“రెండు నెలల కిందటా ఇదే అన్నారు. శనివారం లోపు డబ్బు కట్టకపోతే పార్లర్ గది ఇంకొకళ్ళకి అమ్మేస్తానంటున్నాడు ఓనరు.”

“గదులు బోలెడు దొరుకుతాయి. తొందరపడకు. నేనున్నానుగా!”

ఫోన్ పెట్టేశాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే కాబోలు. గట్టిగా నిలదీస్తే, భర్త ప్రాణస్నేహితుణ్ణి అనుమానించిందంటారు. ఊరుకుంటే, ఆ గదినే నమ్ముకున్న బతుకు కుర్చీలతో, అద్దాలతో సహా రోడ్డున పడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమెకి ఏడుపొచ్చేసింది.

“నంబరు వాడిదే పెట్టించాడా?”

పక్క కుర్చీలో, చెవికి వినికిడి మెషిన్ పెట్టుకున్న పెద్దావిడ. అవసరానికి మించి గట్టిగా అడిగింది. హాల్లో నలుగురూ ఇటు తిరిగారు.

పార్లర్ ఆవిడకి ఒళ్ళు మండింది. ఇలాంటి చోట్ల కాపు కాసి గిరాకీ పట్టుకునేవాళ్ళుంటారని విని ఉంది.

“మీరెవరి తరఫు? మీకెంత కమిషను?”

“నాకెవడిస్తాడమ్మా కమిషను!” నవ్విందావిడ. “నేనున్నానుగా అన్నాడా?”

“అన్నారు.”

“అంటాడు. చూడూ, డబ్బు తియ్యాలని అడక్కు. ముందు నంబరు మార్చాలని అడుగు. దానికి ఓటీపీ అక్కర్లేదు. నువ్వు నువ్వేనని కార్డు చూపించి, వాళ్ళ కళ్ళముందు సంతకం పెడితే చాలు.”

“అన్నీ ఆయనే చూసుకునేవారు. నాకివన్నీ రావండీ.”

“పార్లర్ అంటున్నావుగా. కత్తెర పుట్టుకతోనే వచ్చిందా? మొదటిసారి జుట్టు ఎలా కత్తిరించావు?”

“వంకరగా.”

“ఇదీ అంతే. కాస్త వంకర పోయినా నీ చేతిలో ఉంటుంది. లే, వెళ్ళు.”

విసుక్కుంటూనే లేచింది. ఇంతకన్నా చెడేది ఏముందిలే అనుకుంటూ.

“నంబరు మార్చుకోవచ్చా?”

“ఓ, మార్చుకోవచ్చు.”

“ఆ ముక్క ఇందాక చెప్పొచ్చుగా బాబూ!”

“మీరు అడగలేదుగా అమ్మా.”

కార్డు చూశాడు. సంతకం చూశాడు. మనిషిని ఎగాదిగా చూశాడు. కాసేపటికి ఆమె ఫోన్ మోగింది. ఆరంకెలు. ఇన్నేళ్ళకి తన డబ్బు తన మాట విన్నది. పట్టరాని సంతోషంతో ఆ అంకెలు పైకి చదివింది.

“గదికి సరిపడా మాత్రం తీస్తున్నాను కదమ్మా? గురువారానికల్లా మీ బ్యాంకులో పడుతుంది. మిగతాదానికి ఏజెంటుగా ఆయన్నే ఉంచమంటారా?”

“వద్దు. నేను చూసుకుంటాను.”

అంత మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమె తెల్లబోయింది.

దండం పెడదామని వెనక్కి తిరిగితే కుర్చీ ఖాళీ.

“ఇక్కడ కూర్చున్నావిడ ఎవరండీ?”

“తెలీదమ్మా. తరచూ వస్తుంది, ఎవరో ఒకరితో మాట్లాడి పోతుంది. ఏసీ కోసమేమో అనుకుంటాం.”

పాపం, అలాంటి మనిషినా కమిషనెంత అని అడిగానని నొచ్చుకుంటూ పార్లర్‌కి వెళ్ళిపోయింది. తాళం తీస్తుండగా ఫోన్ మోగింది.

“చెల్లెమ్మా, నంబరు మార్చావా? మెసేజ్ నాకొచ్చింది.” ఏజెంటు గొంతులో కోపం లేదు. తేనె మాత్రం కాస్త ఎక్కువైంది.

“మార్చానండీ. ఇకమీద నా డబ్బు నేనే చూసుకుంటాను.”

“మంచిదేగా! ఇంతకీ ఈ తెలివి ఎవరిచ్చారు? నీ అంతట నీకు తోచేది కాదే.”

ఆమెకి పౌరుషం పొడుచుకొచ్చింది.

“అక్కడ ఒక పెద్దావిడ చెప్పింది. చెప్పింది ఆవిడే అయినా చేసింది నేను!”

ఏజెంటు గొంతు తగ్గించాడు.

“చెవికి మెషిన్ ఉందా ఆవిడకి?”

“ఉంది. మీకెలా తెలుసు?”

అంటూనే నాలుక కరుచుకుంది. ఏదో చెప్పకూడనిది చెప్పేసింది. అదేమిటో మాత్రం అంతుపట్టలేదు.

“అబ్బే, నేను సరిగ్గా చూళ్ళేదు అన్నయ్యగారూ... ఉందో లేదో...”

అతను వినడం లేదు. ఫోన్ పెట్టెయ్యనూ లేదు. ఫోన్లో అతని ఇంటి గేటు కిర్రుమనడం వినిపించింది. ఎవరో మెల్లగా చెప్పులు విడిచిన చప్పుడు.

“వచ్చావా అమ్మా?” అంటున్నాడతను, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా. “లోపలికి రా, తలుపు వేసేస్తాను.”